పక్కవాడు కాపీ కొట్టలేని వ్యాపారం: అపోహలు - వాస్తవాలు

చిన్న, మధ్యతరహా వ్యాపారాలకు వ్యూహం విషయంలో సలహాలివ్వడం నా వృత్తి. యజమానులతో కూర్చున్నప్పుడు పదే పదే వినే మాటలు కొన్ని ఉన్నాయి. మన ఊళ్లలో చాలామందికి తెలిసిన డీమార్ట్‌ను ముందు పెట్టుకుని వాటి సంగతి చూద్దాం.

అపోహ: అందరికంటే తక్కువ ధరకు అమ్మితే పోటీలో నిలబడతాం.

వాస్తవం: ధర ఎవరైనా తగ్గించగలరు. ఎదురు షాపువాడు సాయంత్రానికల్లా బోర్డు మార్చేస్తాడు. తగ్గించాక కూడా లాభం మిగలాలి, కష్టమంతా అక్కడే. రాధాకిషన్ దమానీ 2002లో ముంబయిలోని పవాయిలో మొదటి డీమార్ట్ తెరిచారు. చాలా దుకాణాలకు సొంత భవనాలే కాబట్టి ఏటా అద్దె పెరుగుతుందన్న బెంగ లేదు. సరుకు ఇచ్చినవాళ్లకు త్వరగా డబ్బు కడతారు. దాంతో కొనుగోలు ధర తగ్గుతుంది, ఆ తగ్గింపుకి జనం వస్తారు, సరుకు కదులుతుంది, వచ్చిన డబ్బుతో మళ్లీ త్వరగా చెల్లిస్తారు.

కిరాణా నడిపేవాళ్లకు ఇది తెలియని సంగతేం కాదు. పండగ ముందు నూనెకు కొరత వచ్చిందనుకోండి. డిస్ట్రిబ్యూటర్ తన దగ్గరున్న పది పెట్టెలూ ఎవరి షాపులో దించుతాడు? బిల్లు ఇచ్చిన రోజే డబ్బు చేతిలో పెట్టేవాడి దగ్గర. నలభై రోజులు తిప్పించుకునేవాడికి మాత్రం "స్టాక్ రాలేదు సార్" అంటాడు.

అపోహ: కిటుకు బయటపడితే అందరూ కాపీ కొడతారు.

వాస్తవం: డీమార్ట్ పద్ధతిలో దాపరికం లేదు, అందరికీ తెలిసిందే. కానీ మాల్‌లో అద్దెకున్న పోటీదారు దాన్ని అందిపుచ్చుకోవాలంటే భవనాలు కొనాలి, సరఫరాదారుల డబ్బుతో నెట్టుకొచ్చే అలవాటు మానాలి, షోరూమ్ హంగులు వదులుకోవాలి. వీటిలో ఒక్కటే తెచ్చుకుంటే ఖర్చు పెరుగుతుంది, లాభం రాదు. అందుకే యజమానులను నేను ముందు అడిగేది, "మీరు దేన్ని వద్దనుకున్నారు?" అని. చాలామంది దగ్గర జవాబుండదు. వ్యూహం లేదనడానికి నాకు అంతకన్నా గట్టి గుర్తు కనబడదు.

అపోహ: ముందుగా ఎక్కువ బ్రాంచీలు తెరిచినవాడిదే మార్కెట్.

వాస్తవం: 1997లో చెన్నైలో మొదలైన సుభిక్ష అనే దుకాణాల సంస్థ 2008 నాటికి దాదాపు 1,600 దుకాణాలకు చేరింది. చేతిలో నగదు ఆడక 2009లో మూతపడింది. డీమార్ట్ స్టాక్ మార్కెట్‌కు వచ్చిన 2017 మార్చి నెలాఖరుకు, అంటే పదిహేనేళ్లకు, దాని దుకాణాలు 131.

అపోహ: మంచి యాప్ ఉంటే చాలు.

వాస్తవం: డబ్బు పెడితే అందరికీ దొరికే వస్తువు అది. ఉండాల్సిందే, కానీ దానివల్ల పైచేయి రాదు.

అపోహ: ఒకసారి పైచేయి దొరికితే ఇక దిగుల్లేదు.

వాస్తవం: మహానగరాల్లోని తమ పెద్ద దుకాణాలపై ఆన్‌లైన్ కిరాణా ప్రభావం కనిపిస్తోందని 2024 అక్టోబరులో డీమార్టే చెప్పింది. నెల సరుకు ఒకేసారి కొనే కుటుంబం కోసం అల్లిన వ్యాపారం అది. కొత్తిమీర కట్ట కోసం ఫోన్ తీసేవాళ్లకు ధర కంటే తొందర ముఖ్యం. ఇంటికి చేర్చే ఖర్చు కలిపితే తక్కువ ధర నిలవదు, కలపకపోతే లాభం పోతుంది. నా అంచనాలో ఈ ఒత్తిడి ముందుగా తగిలేది మహానగరాలకే. జీతం రాగానే ఇంటిల్లిపాదీ బయల్దేరి నెల సరుకు తెచ్చుకునే మన జిల్లా కేంద్రాల్లో పాత లెక్క ఇంకొన్నాళ్లు చెల్లుతుంది.