పిండి నుంచి గ్లూకోజ్: ఆమ్లం పోయినా ఉప్పు ఖర్చు ఎందుకు పోలేదు?

పిండిపదార్థాన్ని ఆమ్లంతో మరిగిస్తే తియ్యటి పాకం వస్తుందని 1811లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కిర్కాఫ్ కనుగొన్నాడు. సుమారు నూటయాభై ఏళ్లు గ్లూకోజ్ పరిశ్రమ ఆ పద్ధతి మీదే నడిచింది. చిక్కల్లా ఆమ్లానికి ఎక్కడ ఆగాలో తెలియకపోవడమే. పిండి ఎంతవరకు చక్కెరగా విడిపోయిందో చెప్పే డీఈ 55 దాటితే పాకం రంగు మారి చేదెక్కుతుంది. చివర ఆమ్లాన్ని తటస్థం చేస్తే ఉప్పు మిగులుతుంది, దాన్ని తొలగించడం అదనపు ఖర్చు.

ఆమ్లానికి బదులు వచ్చినవి ఎంజైములు. మొలకెత్తిన గింజల నుంచి చేసే మాల్ట్ నుంచి పిండిని విడగొట్టే డయాస్టేజ్‌ను పాయెన్, పెర్సోజ్ 1833లోనే వేరుచేశారు. 1894లో తకమినే బూజు ఎంజైమ్‌కు పేటెంట్ పొందాడు. బాక్టీరియా నుంచి వచ్చే అమైలేజ్ (పిండి గొలుసులను కోసే ఎంజైమ్) మీద ఎఫ్రాన్, బ్వాదాన్‌ల పేటెంటు 1917 నాటిది. దాన్ని ముందుగా అందిపుచ్చుకున్నది చక్కెరవాళ్లు కాదు, బట్టల మిల్లులు. పడుగు నూలుకు పెట్టిన గంజి పూర్తిగా పోకపోతే అద్దకం మచ్చలు పడుతుంది. ఆమ్లంతో తీస్తే నూలే బలహీనపడుతుంది. అమైలేజ్ నూలులోని సెల్యులోజ్ జోలికి పోదు. ఉతికాక అయోడిన్ చుక్క వేస్తే నీలం తేలకూడదు. అయితే గంజి పిండిది కాక కృత్రిమ పదార్థమైన పాలీవినైల్ ఆల్కహాల్‌ది అయితే ఈ ఎంజైమ్ వల్ల ప్రయోజనం సున్నా.

గ్లూకోజ్ తయారీకి కావలసింది వేడిని తట్టుకునే గుణం. మొక్కజొన్న పిండి రేణువులు 62–72 డిగ్రీల దగ్గర ఉబ్బుతాయి గానీ, చిక్కటి స్లర్రీలో (నీళ్లలో కలిపిన పిండిలో) పూర్తిగా విచ్చుకోవాలంటే 100 డిగ్రీలు దాటాలి. పాత బాసిల్లస్ ఎంజైములు 85–90 దగ్గరే చతికిలబడేవి. 1970లలో బాసిల్లస్ లైకెనిఫార్మిస్ అమైలేజ్ ఆ గీత దాటించింది. స్లర్రీలో ఘనపదార్థం 30–35 శాతం, ఆమ్లతను చెప్పే పీహెచ్ 6 చుట్టూ, కొద్దిగా కాల్షియం. ఆవిరిని నేరుగా ఎక్కించే జెట్ కుక్కర్‌లో 105 డిగ్రీల వద్ద 5 నిమిషాలు, తర్వాత 95 వద్ద ఒకటి రెండు గంటలు. డీఈ 8–12కు రావాలి. డీఈ అంతకంటే తక్కువగా ఉండగానే చల్లారిస్తే గొలుసులు మళ్లీ అతుక్కుని గడ్డకడతాయి, తర్వాతి ఎంజైమ్ వాటిని కోయలేదు, ఫిల్టర్ మూసుకుపోతుంది.

ఇక్కడే పాత ఖర్చు కొత్త దారిలో తిరిగొచ్చింది. పిండి తీసే మిల్లు నుంచి స్లర్రీ పీహెచ్ 4–4.5తో వస్తుంది. అమైలేజ్ కోసం దాన్ని 6కు పెంచాలి. ఆ ముక్కలను గ్లూకోజ్‌గా విడగొట్టే, బూజు నుంచి వచ్చే గ్లూకోఅమైలేజ్ కోసం మళ్లీ 4.3–4.5కు దించి 60 డిగ్రీల వద్ద 24–72 గంటలు ఉంచాలి. ఫ్రక్టోజ్ పాకం కావాలంటే, గ్లూకోజ్‌ను ఫ్రక్టోజ్‌గా మార్చే ఐసోమరేజ్ కోసం 7.5 పైకి ఎత్తాలి. సరిచేసిన ప్రతిసారీ ఉప్పు చేరుతుంది. పైగా మొదటి ఎంజైమ్‌ను నిలబెట్టిన కాల్షియమే ఐసోమరేజ్‌ను అడ్డుకుంటుంది, కనుక మధ్యలో ఆ కాల్షియాన్ని లాగేసే అయాన్ మార్పిడి రెజిన్ తప్పదు.

గ్లూకోఅమైలేజ్ దశలో గడువు పెంచితే లాభమనుకోవడం పొరపాటు. గ్లూకోజ్ 95–96 శాతానికి చేరాక, చిక్కటి పాకంలో అణువులు తిరిగి జతకట్టి ఐసోమాల్టోజ్ అవుతాయి, దిగుబడి పడిపోతుంది. కొమ్మల దగ్గరి 1,6 బంధాలను కోసే పులులనేజ్‌ను కలిపితే గ్లూకోఅమైలేజ్ తక్కువ సరిపోతుంది, ఈ నష్టమూ తగ్గుతుంది.

ఆ తర్వాతి పరిశోధన చాలామటుకు కాల్షియం అవసరాన్ని తగ్గించడం మీద, తక్కువ పీహెచ్‌లోనూ పనిచేసే అమైలేజ్‌ల మీద సాగింది. డిటర్జెంట్లవాళ్ల బెడద వేరు: బ్లీచ్ ఎంజైమ్‌లోని మెథియోనిన్‌ను ఆక్సీకరిస్తుంది. లైకెనిఫార్మిస్ అమైలేజ్‌లో 197వ స్థానంలోని ఆ అమైనో ఆమ్లాన్ని మార్చాక అది బ్లీచ్‌ను చాలావరకు తట్టుకుంది.