వేరు పొడవుతో నేల విషాన్ని తేల్చగలమా?

భార లోహాలు చేరిన నేల సాగుకు పనికివస్తుందా అన్న ప్రశ్న తలెత్తినప్పుడల్లా ముందుగా బయటికి వచ్చేది వేరు పొడవు లెక్కే. కాడ్మియం, సీసం, రాగి మోతాదు మించితే వేరు కురచబారుతుందన్నది ఎవరూ కాదనరు. ఆ కురచతనానికి అర్థమేమిటన్న దగ్గరే పేచీ వస్తోంది.

1957లో విల్కిన్స్ అనే శాస్త్రవేత్త, సీసం కలిపిన ద్రావణంలోనూ కలపని ద్రావణంలోనూ గడ్డి వేరు ఎంతెంత పెరిగిందో కొలిచి, ఆ నిష్పత్తిని బట్టి ఏ గడ్డికి ఎంత ఓర్పు ఉందో పోల్చారు. మొక్క ఓర్పును చెప్పిన అటువంటి కొలతనే తర్వాత నేలలోని విషానికి సూచికగానూ వాడసాగారు. వేరు పెరుగుదల ఎంత తగ్గిందో చూసే పరీక్ష 1993లో అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ ప్రమాణంగా వెలువడింది. లోహం కణాలను దెబ్బతీస్తుంది కనుక వేరు ఆగుతుందన్నది దీన్ని సమర్థించేవారి మాట. రాగి విషయంలో అందులో నిజముంది: అది వేరు కణాల పొరలను పాడుచేసి, లోపలి పొటాషియం కారిపోయేలా చేస్తుంది.

అయితే ఈ చర్చకు అసలు మలుపు 2008లో రౌండ్స్, లార్సెన్ వెలువరించిన పరిశోధన అని చెప్పాలి. వారు ఎంచుకొన్న అల్యూమినియం భార లోహం కాదు గానీ, ప్రశ్న ఇదే. అల్యూమినియానికి ఇట్టే లొంగిపోయే అరబిడాప్సిస్ (ప్రయోగశాలల్లో తరచూ వాడే చిన్న మొక్క) సంతతిలో, ఆ లోహమున్నా వేరు సాగే మొక్కలను వెదికి పట్టుకొని చూస్తే, ఏటీఆర్ అనే జన్యువు చెడిపోయి కనిపించింది. డీఎన్ఏకు కలిగిన నష్టాన్ని పసిగట్టి కణ విభజనను నిలిపివేయించడం ఆ జన్యువు పని. అది పనిచేయనప్పుడు, లోహం ఎదురుగా ఉన్నా, వేరు కొన విభజన శక్తిని కోల్పోలేదు. అంటే మామూలు మొక్కలో వేరును ఆపుతున్నది, నష్టాన్ని గుర్తించి మొక్క తనకు తాను వేసుకొన్న అడ్డుకట్టే.

మితమైన కాడ్మియంలో పెరిగిన నారును పైకి తీసి చూస్తే తల్లివేరు కురచగా ఉంటుంది, పిల్లవేర్లు మాత్రం దాని కొనకు దగ్గరగా గుబురుగా పుట్టి ఉండవచ్చు. చచ్చిన కణజాలం కొత్త వేర్లు పెట్టదు కదా. రౌండ్స్, లార్సెన్ పరిశోధనకు ముందే, 2000లో, జింకునూ కాడ్మియాన్నీ తనలో కూడగట్టుకొనే థ్లాస్పి సెరులెసెన్స్ అనే మొక్క వేర్లు లోహమున్న మట్టిలోనే ఎక్కువగా విస్తరిస్తాయని వెల్లడైంది.

ఈనాటి పేచీలో ఎక్కువ భయపెట్టే సంగతి వరిది. వేరుకు ఏ లోటూ కనిపించని మడిలో కూడా కాడ్మియం గింజలోకి చేరగలదు. ఆ మడి వేరు పరీక్షలో నెగ్గుతుంది.