గంగ తెల్లబడే చోట్లు

ప్రియమైన పిల్లలకు ఆశీస్సులు.

మీలో చాలామందికి నది అంటే రాజమహేంద్రవరం దగ్గరి గోదావరే గుర్తుకు వస్తుంది. అక్కడ రైలు వంతెన మీద ఎంతసేపు పోయినా అవతలి ఒడ్డు రాదు, కింద నీరు కదులుతున్నదో లేదో కూడా చప్పున తెలియదు. ఋషీకేశ్‌కు ఎగువన గంగ అలా ఉండదు. రెండు కొండల నడుమ ఇరుక్కుని, ఒకచోట మడుగై నిలిచి, మరికొంత దూరంలో తెల్లటి నురగై విరిగి, హోరుమంటూ దిగుతుంది. మార్చి నెల మొదటి సగంలో ఆ ఒడ్డున తీరిగ్గా నడిస్తే నది ఎందుకు విరుగుతున్నదో మీ కళ్ళతోనే చూసి తెలుసుకోవచ్చు.

ఋషీకేశ్‌లోని లక్ష్మణ్ ఝూలా అనే చోటి నుంచి ఎడమ ఒడ్డున గరుడ్ ఛట్టి, ఫూల్ ఛట్టి మీదుగా పోయే బాట ఒకటి ఉంది. మోటారు రోడ్లు రాక ముందు బదరీనాథ్‌కు కాలినడకన వెళ్ళే యాత్రికులు ఈ దారినే పోయేవారు. వారు రాత్రి తలదాచుకున్న మజిలీలనే ఛట్టీలు అనేవారు. ఎగువన దేవప్రయాగలో గంగోత్రి హిమానీనదం నుంచి వచ్చే భాగీరథి, బదరీనాథ్ వైపు నుంచి వచ్చే అలకనంద కలుస్తాయి, అక్కడి నుంచే ఈ నదికి గంగ అన్న పేరు. మార్చి మొదట్లో పైన మంచు ఇంకా గట్టిగా కరగడం మొదలుకాదు, కొండల ఊటలే నదికి ముఖ్యమైన ఆధారం. అందుకే నీరు తక్కువగా, ఒండ్రు లేకుండా, ముదురు ఆకుపచ్చగా ఉంటుంది. వానాకాలంలో మునిగిపోయే బండలన్నీ ఇప్పుడు బయటపడి ఉంటాయి.

ఆ బండలు ఎక్కడ గుమిగూడి ఉన్నాయో గమనించండి. పక్క లోయలోంచి ఒక వాగు వచ్చి గంగలో కలిసే చోట తరచుగా అవి కుప్పగా కనిపిస్తాయి. వానాకాలపు పోటులో ఆ వాగు పెద్ద పెద్ద రాళ్ళను దొర్లించుకొచ్చి నది ముఖాన పోస్తుంది, చిన్నవాటిని గంగ తీసుకుపోతుంది, పెద్దవి అక్కడే మిగులుతాయి. నది వెడల్పు తగ్గిపోయి, అంత నీరూ ఇరుకు సందులోంచి ఏటవాలుగా దిగవలసి వచ్చి వేగం పుంజుకుంటుంది. ఆ సందు మొదట్లో నీరు ఇంకా నురగ లేకుండా నున్నగా ఉంటుంది. దాని కొన కిందివైపు చూస్తూ ఆంగ్లంలోని ‘వి’ అక్షరంలా కనబడుతుంది. రాఫ్టు, అంటే గాలి నింపిన రబ్బరు పడవ, నడిపేవారు వెతికే దారి అదే.

దాని దిగువన ఒక అల లేస్తుంది. దాన్ని మాత్రం తొందరపడకుండా చూడాలి, ఎందుకంటే ఈ నడకలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది అదే. సముద్రంలో అల మన వైపు నడిచివస్తుంది, నీరు మాత్రం దాదాపు ఉన్నచోటే పైకీ కిందికీ ఊగుతుంది. ఇక్కడ అల ఉన్నచోటే నిలబడుతుంది, దానిలోంచి నీరు పరుగెత్తుతుంది. ఒక ఎండుటాకు వచ్చి ఆ అలలో మునిగి అవతల తేలి వెళ్ళిపోతుంది, అల మాత్రం అంగుళం కదలదు. ఆ అల తల విరిగినప్పుడు గాలి నీటిలో చిక్కుకుని లెక్కలేనన్ని బుడగలవుతుంది, అవి వెలుగును అన్ని వైపులకూ చెదరగొట్టడం వల్లనే నీరు తెల్లగా కనిపిస్తుంది. పెద్ద బండ వెనుక చూస్తే ఇంకొక వింత: అక్కడ నీరు తిరిగి ఎగువకు పారుతుంది, నురగ ముక్కలు గుండ్రంగా తిరుగుతూ ఉంటాయి.

బండల మీద ఒక చిన్న పిట్ట కనిపిస్తుంది, మగదైతే ఒళ్ళు పలక రంగు నీలం, తోక ఇటుక ఎరుపు. తోకను విసనకర్రలా విప్పుతూ ముడుస్తూ ఒక్కక్షణం కుదురుగా ఉండదు. బూరుగు చెట్లు ఆకులన్నీ రాల్చుకుని ఎర్రగా పూసి ఉంటాయి. మార్చి మధ్యలో వెళ్తే ఫూల్ దేయి పండుగ కూడా కలుస్తుంది. ఆ రోజు గఢ్వాల్ అనే ఈ కొండప్రాంతపు పిల్లలు తెల్లవారుజామున ఫ్యోంలీ వంటి అడవి పూలు కోసుకొచ్చి ఇంటింటి గడప మీద చల్లుతారు, పెద్దలు వారికి బియ్యం, బెల్లం ఇస్తారు.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. భాగీరథి మీద 260.5 మీటర్ల ఎత్తున కట్టిన టెహ్రీ ఆనకట్ట ఉంది, కరెంటు అవసరాన్ని బట్టి అక్కడ నీరు వదులుతారు. కాబట్టి ఆకాశంలో మబ్బు తునక లేకపోయినా మట్టం పెరగవచ్చు. నీటి మధ్య రాళ్ళ మీదికి వెళ్ళకండి, తడి గీత ఎక్కడిదాకా ఉందో చూసుకుని దానికి బాగా పైన కూర్చోండి. ఆ నీరు ఒళ్ళు కొయ్యబారేంత చల్లన, ఈత వచ్చినా అక్కరకు రాదు.

మీ అమ్మానాన్నలు వేసవి సెలవుల్లో తీసుకెళ్తామంటే, వీలైతే మార్చిలోనే వెళ్దామని అడగండి. మే నెల గడిచేకొద్దీ మంచు నీటితో నది ఉబ్బి బూడిదరంగుకు తిరుగుతుంది, నేను చెప్పిన బండల్లో చాలావరకు దాని కిందకు పోతాయి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య