రహీమ్ సాబ్ గురించి మీకు తెలియాలి

ప్రియమైన పిల్లలూ,

విదేశీ ఫుట్‌బాల్ కోచ్‌లు గార్డియోలా, మౌరిన్యో పేర్లు మీకు నోటికొచ్చు. మన హైదరాబాద్‌లోనే పుట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ పేరు మాత్రం మీలో చాలామంది విని ఉండరు. అది నాకు బాధగా ఉంటుంది, అందుకే ఈ ఉత్తరం.

1909లో పుట్టిన రహీమ్ సాబ్ మొదట బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. తర్వాత హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్‌కి కోచ్ అయ్యారు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఆ టీమ్‌దే.

మైదానంలోనూ ఆయన పంతులే. కుడికాలి వాటం వాళ్లు ఎడమకాలితోనే ఆడాలంటూ పోటీలు పెట్టేవారు. డ్రిబ్లింగ్, అంటే బంతిని కాలితో తోసుకుంటూ పరుగెత్తడం, చేయకూడదనే పోటీలూ ఉండేవి. మీరూ ఆడి చూడండి, ఎంత కష్టమో తెలుస్తుంది. బంతి అందగానే పాస్ ఇచ్చేయాలంటే, అది మన దాకా రాకముందే ఎవరు ఎక్కడున్నారో చూసి పెట్టుకోవాలి. ఆయన ఆటగాళ్లకు అలవాటు చేసింది ఆ చూపునే.

రహీమ్ సాబ్ భారత జట్టుకీ కోచ్‌గా ఉన్నారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది బూట్లు లేకుండా ఆడి యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడారు. నాలుగేళ్లకే మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని 4-2తో కొట్టి సెమీస్‌కి వెళ్లారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఆసియా దేశమేదీ అంతకుముందు అంత దూరం వెళ్లలేదు.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తర్వాత డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. వేరే కోచ్ అయితే అతన్ని కూర్చోబెట్టేవాడేమో. రహీమ్ సాబ్ అతన్ని సెమీస్‌లో ఫార్వర్డ్‌గా దింపారు, అతను గోల్ కొట్టాడు. ఫైనల్లో మళ్లీ అదే కొరియా. స్టేడియం నిండా జనం మనకి వ్యతిరేకంగా అరుస్తున్నారు. పీకే బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో బంగారం మనకే వచ్చింది. మన సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం కూడా ఆ టీమ్‌లోనే ఉన్నాడు.

అప్పటికే రహీమ్ సాబ్‌కి క్యాన్సర్. 1963 జూన్‌లో పోయారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకి మళ్లీ బంగారం రాలేదు. ఆయన గురించి మీ బడి పుస్తకాల్లో ఒక పాఠం ఉండాలని నా కోరిక. ఈ మాట మీ పీఈటీ సార్‌తో అనండి.

ప్రేమతో,
మీ తాతయ్య