మూత్రంలో ఇన్ఫెక్షన్, రిపోర్టులో ఎస్‌జీపీటీ: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఎస్‌జీపీటీ పెరిగిందంటే బిడ్డకి కామెర్లు వచ్చినట్టే.

కాదు. ఎస్‌జీపీటీ అంటే లివర్ కణాలు దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము. పసిపిల్లల్లో మూత్ర ఇన్ఫెక్షన్‌తో పాటు బాగా జ్వరం ఉందంటే, చాలాసార్లు అది కిడ్నీ దాకా పాకిందనే అర్థం. ఎక్కువమందిలో కారణం ఈ.కోలై. ఆ బ్యాక్టీరియా విషాలు, వాటిని ఎదుర్కోడానికి ఒళ్లు వదిలే రసాయనాలు లివర్ కణాల మీదా పనిచేస్తాయి. దాంతో 40 లోపు ఉండాల్సిన ఎస్‌జీపీటీ 70కో 90కో చేరుతుంది. ఒంటిని పసుపుగా మార్చే బిలిరుబిన్ మామూలుగా ఉంటే అవి కామెర్లు కావు. ఇన్ఫెక్షన్ తగ్గాక కొన్ని వారాల్లో ఆ అంకె తనంతట తనే దిగుతుంది. దీనికి లివర్ టానిక్ అక్కర్లేదు. పసరు మందు అసలే పోయించకండి. కొన్ని పసర్లు లివర్‌నే దెబ్బతీస్తాయి. పైగా పసరు నమ్ముకుని యాంటీబయాటిక్ మానేస్తే కిడ్నీ మీద మచ్చ పడే ముప్పు ఉంది.

అపోహ: యాంటీబయాటిక్ పడకే లివర్ చెడింది, ఆపేయాలి.

మందు మొదలుపెట్టకముందు తీసిన రక్తంలోనే ఎంజైములు పెరిగి ఉంటే తప్పు మందుది కాదు. సెఫ్ట్రియాక్సోన్, అమాక్సిసిలిన్-క్లావులానేట్ లాంటివి కొందరిలో పెంచే మాట నిజమే. అయినా మార్చాలా వద్దా అన్నది డాక్టరు చూసి చెప్పాలి, ఇంట్లో ఆపెయ్యకూడదు. నేనైతే ముందు అడిగేది పారాసెటమాల్ సీసా గురించి, డోసు మించితే అదీ లివర్‌ని దెబ్బతీస్తుంది. 10 కిలోల బిడ్డకి ఒక డోసు 150 మిల్లీగ్రాములు. 5 మి.లీ.లో 125 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే 6 మి.లీ., 5 మి.లీ.లో 250 ఉండే సిరప్ అయితే 3 మి.లీ., మి.లీ.కి 100 ఉండే డ్రాప్స్ అయితే ఒకటిన్నర మి.లీ. సిరప్ లెక్కన డ్రాప్స్ 6 మి.లీ. పోస్తే నాలుగింతలు పడిపోయినట్టే. రెండు డోసుల మధ్య కనీసం 4 గంటలు, రోజుకి 4 డోసులకి మించొద్దు. సీసా వెంట తెచ్చి చూపించండి.

అపోహ: మూత్రంలో చీము కణాలు కనిపించాయి కాబట్టి జ్వరం మూత్రానిదే.

ఏ జ్వరంలోనైనా కొన్ని కనబడొచ్చు. తేల్చేది కల్చర్ (మూత్రంలోని బ్యాక్టీరియాని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష), అదీ మూత్రం యాంటీబయాటిక్ మొదటి డోసు పడకముందు ఇస్తేనే. నీళ్లతో శుభ్రంగా కడిగి, మొదటి ధార వదిలేసి, మధ్య ధారని స్టెరైల్ డబ్బాలో పట్టాలి. గంటలోపు ల్యాబ్‌కి చేరాలి. మందస, మెళియాపుట్టి నుంచి శ్రీకాకుళం వచ్చేవాళ్లు ఇంట్లో పట్టి తేవద్దు, దారిలోనే బ్యాక్టీరియా పెరిగిపోతుంది. ల్యాబ్ దగ్గరే పట్టించండి. వానాకాలంలో ప్లేట్‌లెట్లు పడిపోతూ ఎస్‌జీవోటీ (ఇలాంటిదే మరో ఎంజైము) ఎక్కువగా ఉంటే డెంగీ, ఏజెన్సీ నుంచి వస్తే మలేరియా పరీక్ష కూడా చేయించాలి.

అపోహ: మాది ఉద్దానం, అందుకే పిల్లకి ఇలా అయింది.

ఉద్దానం కిడ్నీ జబ్బు ఎక్కువగా పెద్దవాళ్లలో నెమ్మదిగా ముదిరేది. ఇది బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్, మందుకి లొంగుతుంది.

అపోహ: నెలలోపు బిడ్డ పసుపుగా ఉంటే నీరెండ చూపిస్తే చాలు.

14 రోజులు దాటినా కామెర్లు ఉంటే మూత్రం కల్చర్, రక్తంలో డైరెక్ట్ బిలిరుబిన్ పరీక్ష రెండూ చేయించాలి. పసికందుల్లో మూత్ర ఇన్ఫెక్షన్ కామెర్లుగానే బయటపడొచ్చు, జ్వరం ఉండకపోవచ్చు కూడా. మలం సుద్దలా తెల్లగా ఉంటే ఒక్క రోజు కూడా ఆగొద్దు. అది లివర్ నుంచి పైత్యరసం తెచ్చే నాళాలు మూసుకుపోయిన గుర్తు కావచ్చు, అలాంటి బిడ్డకి 60 రోజుల లోపు ఆపరేషన్ చేస్తేనే ఫలితం బాగుంటుంది.

మిగతా పిల్లలకి మందు పూర్తయ్యాక 3, 4 వారాలకి ఎస్‌జీపీటీ మళ్లీ చూస్తాం. అంకె వందలు దాటి వేలల్లో ఉన్నా, బిడ్డ మగతగా ఉన్నా, వాంతులు ఆగకున్నా అన్నాళ్లు ఆగకుండా అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి.