సాల్వర్ మొండికేస్తే తప్పు సాల్వర్‌దేనా?

యాసంగి కోతలు మొదలైతే మిర్యాలగూడ రైస్ మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరతాయి. ట్రాక్టర్‌కూ ట్రాలీకీ మధ్య ఉండేది ఒక ఇనుప బద్దె, ఒక పిన్ను. లాగుడంతా వాటి మీదే. ఆ బద్దె ఎంత బలానికి సాగిపోతుందో ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతిలో, అంటే వస్తువును ఎలిమెంట్లనే చిన్న ముక్కలుగా విడగొట్టి లెక్కించి, చూద్దామని నల్లగొండలో ఒక మెకానికల్ విద్యార్థి కంప్యూటర్ ముందు కూర్చున్నాడనుకుందాం. లోడును మెట్లు మెట్లుగా పెంచుతూ పోయే లెక్క, మొత్తం లోడులో 96 శాతం దాకా బాగానే నడిచి ఆగిపోతుంది. సమీకరణాలు సాధించే ప్రోగ్రాం, అంటే సాల్వర్, 'కన్వర్జ్ కాలేదు' (సమాధానం కుదరలేదు) అని తెర మీద చూపిస్తుంది. ఇక టెన్షన్ మొదలు. ఇటరేషన్లు (మళ్లీ మళ్లీ వేసే అంచనాలు) పెంచుతాడు, టాలరెన్స్ (ఒప్పుకునే తేడా) సడలిస్తాడు, మెష్ (ఎలిమెంట్ల వల) ఇంకా సన్నం చేస్తాడు. నన్నడిగితే ఇవన్నీ ఆఖరున చేయాల్సిన పనులు. ముందు కాగితం, పెన్ను తీయాలి.

లెక్క తేలిగ్గా ఉండాలని పిన్ను దూరే రంధ్రం సంగతి వదిలేసి, 50 మి.మీ. వెడల్పు, 10 మి.మీ. మందం ఉన్న బద్దెను మాత్రమే చూద్దాం. అడ్డుకోత వైశాల్యం 500 చదరపు మి.మీ. మామూలు స్టీలు 250 మెగాపాస్కళ్ల (చదరపు మి.మీ.కు 250 న్యూటన్ల) దగ్గర లొంగుతుంది, అంటే శాశ్వతంగా సాగడం మొదలుపెడుతుంది. రెండూ గుణిస్తే 125 కిలోన్యూటన్లు. మన విద్యార్థి పెట్టిన లోడు 130. లొంగాక బలం ఇంక పెరగదని, అంటే ఆదర్శ ప్లాస్టిక్ అని, మెటీరియల్ ఇచ్చాడు. 125ని 130తో భాగించండి, 96 శాతం! సాల్వర్ చెడిపోలేదు. ఆ బద్దె 130 మోయలేదు కాబట్టి సమాధానమే లేదు. లేని సమాధానాన్ని ఎన్ని ఇటరేషన్లు వెతికితే మాత్రం దొరుకుతుంది?

లోపల జరిగేది ఇది. సాల్వర్ ప్రతి మెట్టులోనూ మనం పెట్టిన బలాన్నీ లోహం లోపల పుట్టిన బలాన్నీ పోల్చి చూస్తుంది. ఆ తేడాను దృఢత్వంతో, అంటే ప్రతిబలం (యూనిట్ వైశాల్యం మీది బలం)-వికృతి (యూనిట్ పొడవుకు సాగుడు) గీత వాలుతో, భాగించి తర్వాతి అంచనా వేస్తుంది. ఇదే న్యూటన్-రాఫ్సన్ పద్ధతి. స్థితిస్థాపక దశలో, అంటే బలం తీసేస్తే లోహం మళ్లీ మొదటి పొడవుకు వచ్చే దశలో, వాలు మారదు, ఒక్క అంచనాతో పని అయిపోతుంది. స్టీలులో ఆ దశ చాలా చిన్నది. మీటరు కడ్డీ 1.25 మి.మీ. సాగేసరికి ముగిసిపోతుంది. ఆ తర్వాత వాలు ఒక్కసారిగా పడిపోతుంది. ఆదర్శ ప్లాస్టిక్‌లోనైతే సున్నా. సున్నాతో భాగించమంటే ఏ యంత్రమైనా చేతులెత్తేస్తుంది.

అందుకే ఇలాంటి చోట బలం బదులు స్థానభ్రంశం ఇవ్వడం మేలు. బద్దె చివరను 3 మి.మీ. లాగమని చెప్పి, దానికి ఎంత బలం పట్టిందో తిరిగి చదువుకోవాలి. లొంగాక కొద్దిగానైనా గట్టిపడే గుణం చేర్చితే లెక్క ఇంకా నిలకడగా నడుస్తుంది. నిజమైన స్టీలు గట్టిపడుతుంది కూడా.

ఆ గట్టిపడే గీతను ఇవ్వడంలోనే చాలామంది తడబడతారు. టెస్టింగ్ ల్యాబ్ ఇచ్చే పట్టికలో బలాన్ని మొదటి వైశాల్యంతో భాగించి ఉంటారు. సాగేకొద్దీ కడ్డీ సన్నబడుతుంది కదా! 20 శాతం సాగినప్పుడు పట్టికలో 410 మెగాపాస్కళ్లుంటే, నిజ ప్రతిబలం 410ని 1.2తో గుణిస్తే వచ్చే 492. నిజ వికృతి 1.2కి సహజ సంవర్గమానం, అంటే 0.182. అందులోంచి స్థితిస్థాపక భాగం తీసేస్తే ప్లాస్టిక్ వికృతి సుమారు 0.180. సాఫ్ట్‌వేర్లు సాధారణంగా అడిగేది ఈ నిజ విలువలనే. ల్యాబ్ గీతను అలాగే దించేస్తే, కడ్డీ ఒకచోట సన్నబడి మెడ ఏర్పడ్డాక అది కిందికి జారుతుంది. మెటీరియల్ మెత్తబడుతోందని సాల్వర్ అనుకుంటుంది. అప్పుడు వికృతి అంతా ఒక్క వరుస ఎలిమెంట్లలో పోగుపడి, మెష్ మార్చిన ప్రతిసారీ జవాబు మారుతుంది.

పిన్ను దగ్గరికి వస్తే ఇంకో తంటా. పిన్నుకూ రంధ్రానికీ మధ్య అర మి.మీ. సందున్నా, మొదటి మెట్టులో పిన్నును పట్టి ఉంచేది ఏదీ లేదు. కాస్త బలం పెట్టగానే అది ఎటో ఎగిరిపోతుంది. ముందు చిన్న స్థానభ్రంశంతో రెండింటినీ తాకించి, ఆ తర్వాతే లోడు ఎక్కించాలి.

ప్రమాణాలు (యూనిట్లు) కూడా ఒకసారి చూసుకోవాలి. మిల్లీమీటర్లు, న్యూటన్లు వాడుతూ యంగ్ గుణకం (స్థితిస్థాపక దశలో ఆ గీత వాలు) గిగాపాస్కళ్లలో ఉన్నట్టే 200 అని వేసేవాళ్లున్నారు. అక్కడ ఉండాల్సింది 2,00,000.

ఎలిమెంట్ ఎంపిక మాత్రం నిదానంగా చూడాల్సిన విషయం. లోహం ప్లాస్టిక్‌గా సాగినప్పుడు ఆకారం మారుతుంది కానీ ఘనపరిమాణం దాదాపు మారదు. పూర్తి ఇంటిగ్రేషన్ చేసే (లోపల అన్ని బిందువుల దగ్గరా లెక్కించే) మామూలు ఎనిమిది మూలల ఎలిమెంట్లకు ఈ నిబంధన పాటిస్తూ వంగడం కష్టం. అవి బిగుసుకుపోతాయి, దీన్నే లాకింగ్ అంటారు. పీడనం పటం చదరంగం బల్లలా గళ్లు గళ్లుగా కనిపిస్తే అనుమానించాల్సింది దీన్నే. తగ్గించిన ఇంటిగ్రేషన్ (తక్కువ బిందువుల దగ్గరే లెక్కించడం) వాడితే సడలుతాయి. కాకపోతే అవర్‌గ్లాస్ అనే కృత్రిమ వంకరలు రావచ్చు, దానిమీద ఓ కన్నేయాలి.

సొంతంగా మెటీరియల్ కోడ్ రాసుకునే పరిశోధక విద్యార్థులు సాల్వర్ రాసే మెసేజ్ ఫైలులో మిగులు బలాల (పెట్టిన బలానికీ లోపలి బలానికీ తేడాల) వరుస చదవడం అలవాటు చేసుకోవాలి. 0.1, 0.01, 0.0001, 0.00000001 అని పడిపోతుంటే దృఢత్వం సరిగ్గా ఉన్నట్టు. 0.1, 0.08, 0.065 అని ఈడుస్తుంటే, కోడ్‌లో ప్రతిబలం లెక్కించిన తీరుకూ వాలు లెక్కించిన తీరుకూ పొంతన లేదేమోనని చూడాలి. ఈ పొంతన ఎలా కుదర్చాలో 1985లో జువాన్ సిమో, రాబర్ట్ టేలర్ చూపించారు. పొంతన లేకపోయినా జవాబు కొన్నిసార్లు సరైనదే వస్తుంది. కానీ పెద్ద మోడల్‌లో ప్రతి మెట్టూ నత్తనడకే.