గంట జరిపితే సూర్యుడు జరగడు: గడియారాల మార్పుపై అపోహలు, వాస్తవాలు

అమెరికాలో మార్చి రెండో ఆదివారం తెల్లవారుజామున రెండు గంటలకు గడియారం ఏకంగా మూడుకు దూకుతుంది. నవంబరు మొదటి ఆదివారం మళ్లీ వెనక్కి వస్తుంది. డిట్రాయిట్ శివార్లలో నిద్ర సమస్యలకు వైద్యం చేసే నాకు ఆ రోజుల్లో పనీ పెరుగుతుంది, వాట్సాప్‌లో వాదనలూ పెరుగుతాయి. ఈ మార్పిడి తీసేయాలన్నంతవరకు ఇక్కడి తెలుగువాళ్లందరిదీ ఒకటే మాట. తీసేసి దేన్ని ఉంచాలన్న దగ్గరే పేచీ. సాయంత్రం వెలుగు ఎక్కువసేపు ఉంటుందని చాలామంది డేలైట్ సేవింగ్ టైమునే, అంటే వేసవి సమయాన్నే, ఏడాది పొడవునా ఉంచమంటారు. నాది ప్రామాణిక సమయం, అంటే ఇప్పుడు చలికాలంలో ఉండే సమయం, పక్షం.

అపోహ: గంటే కదా, ఒక్క రోజులో సర్దుకుంటుంది.

హైదరాబాద్ నుంచి విమానం దిగి పది గంటల తేడాను తట్టుకున్నవాళ్లకు గంట ఒక లెక్కా అనిపిస్తుంది. నా దగ్గరకు వచ్చే ఒక గోదావరి జిల్లా ఆయన కార్ల ఫ్యాక్టరీలో ఉదయం ఆరు గంటల షిఫ్టు చేస్తారు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే స్లీప్ యాప్నియా ఉంది కాబట్టి రాత్రి గాలి ఒత్తిడితో శ్వాసదారిని తెరిచి ఉంచే సీపాప్ యంత్రం పెట్టుకుని పడుకుంటారు. ఎప్పుడు పెట్టుకున్నారో, ఎప్పుడు తీశారో అది నిమిషాలతో సహా రాసిపెడుతుంది. గడియారం మారకముందు వారమంతా రాత్రి తొమ్మిదింబావుకు పెట్టుకుని, తెల్లవారుజామున నాలుగున్నరకు తీశారు. మారాక తీసే వేళ అదే, షిఫ్టు ఆయన కోసం ఆగదు కదా. పెట్టుకునే వేళ మాత్రం పది దాటింది. శుక్రవారానికి గానీ మళ్లీ తొమ్మిదిన్నర దరికి రాలేదు. ‘నాకేమీ తేడా తెలియలేదండీ’ అని మాత్రం ధీమాగా చెప్పారు.

‘ఆ సోమవారం గుండెపోట్లు 24 శాతం పెరుగుతాయి’ అని ఏటా తిరిగే సందేశం మా మిషిగన్ ఆసుపత్రుల లెక్కల నుంచి వచ్చిందే. 2014లో అచ్చయింది. అంకె నిజమే. అదే పరిశోధనలో ఉన్న రెండో సంగతిని మాత్రం ఎవరూ పంపరు: వారం మొత్తం మీద చూస్తే కేసులు పెరగలేదు. ఆ వారంలో ఎప్పుడో రావలసినవి సోమవారానికి జరిగి ఉంటాయని అనుకోవాలి. గుండె జబ్బున్నవాళ్లు ఆ వారం నిద్ర తగ్గించుకోకూడదని చెబుతాను గానీ, భయపెట్టను.

అపోహ: మార్చడం మానేస్తే చాలు, వేసవి సమయానికి ఒళ్లు అదే అలవాటు పడుతుంది.

మెదడులో ఉండే గడియారం చాలామందిలో 24 గంటల కంటే కాస్త నిదానంగా నడుస్తుంది. రోజూ దాన్ని సరిచేసేది ఉదయపు వెలుగు. సాయంత్రపు వెలుగు దాన్ని ఇంకా ఆలస్యం చేస్తుంది. గోడ మీది గడియారంతో దానికి పని లేదు.

నేను పుట్టింది కాకినాడలో. భారత కాలమానానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆ ఊరి పక్కనుంచే పోతుంది. అక్కడ గడియారంలో పన్నెండయ్యేసరికి సూర్యుడు నడిమింట ఉంటాడు, ఏడాదిలో ఓ పావుగంట అటూఇటూగా. డిట్రాయిట్ తన కాలమండలంలో బాగా పడమటికి ఉంది కాబట్టి ప్రామాణిక సమయంలోనే మిట్టమధ్యాహ్నం పన్నెండున్నరకు అవుతుంది. వేసవి సమయంలో ఒకటిన్నరకు. (బుధవారం రాహుకాలం పన్నెండు నుంచి ఒకటిన్నర అని ఇక్కడ కూడా పాటించేవారు గమనించాలి: ఆ లెక్క సూర్యోదయం ఆరింటికి అనుకుని వేసింది.) ఆ వేసవి సమయాన్నే జనవరిలోనూ ఉంచితే మాకు తెల్లవారేది తొమ్మిదింటికి. మా వీధికి బడి బస్సు ఏడింబావుకే వస్తుంది.

ప్రామాణిక సమయం వల్ల నష్టమే లేదనను. జూన్‌లో ఐదింటికి ముందే సూర్యోదయం అవుతుంది. రాత్రి తొమ్మిదింబావు దాకా ఉండే ఎండ ఎనిమిదింబావుకే పోతుంది. సాయంత్రం క్రికెట్ ఆడేవాళ్లు నన్ను తిట్టుకుంటారు. అయితే ఎండ ఎక్కువైతే కిటికీకి మందపాటి తెర కట్టుకోవచ్చు, జనవరి ఉదయం సూర్యుణ్ణి ఎక్కడి నుంచి తెస్తాం? నిద్ర వైద్యుల సంఘమైన అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ కూడా శాశ్వత ప్రామాణిక సమయాన్నే కోరుతోంది.

అపోహ: ఏడాదంతా వేసవి సమయం ఉంచి చూడనేలేదు, చూస్తే తప్పేమిటి?

చూశారు. చమురు సంక్షోభంలో నిక్సన్ ప్రభుత్వం 1974 జనవరి 6న మొదలుపెట్టింది. అంతకు ముందు నెల 79 శాతం మంది బాగుందన్నారు, ఫిబ్రవరికి అది 42 శాతానికి పడిపోయింది. చీకట్లో బడికి వెళ్లే పిల్లలు ప్రమాదాల పాలవుతున్నారని తల్లిదండ్రులు గోల పెట్టారు. రెండేళ్లు సాగాల్సిన ప్రయోగానికి ఆ అక్టోబరులోనే, నిక్సన్ తర్వాత అధ్యక్షుడైన ఫోర్డ్ సంతకంతో గండి పడింది, చలికాలానికి పాత సమయమే వచ్చింది. రష్యా కూడా 2011లో శాశ్వత వేసవి సమయం పెట్టుకుని, 2014లో వదులుకుంది. ఇంత జరిగినా 2022 మార్చిలో అమెరికా సెనేట్ అదే బిల్లును ఏకగ్రీవంగా ఆమోదించింది. ప్రతినిధుల సభ ముట్టుకోలేదు, మంచిదైంది.

అపోహ: ఇది రైతుల కోసం పెట్టింది.

రైతులే దీనికి బద్ధశత్రువులు. ఆవుకు గడియారం తెలియదు, మంచు ఆరనిదే గడ్డి కోతకు రాదు. 1918లో యుద్ధం పేరుతో వచ్చిన వేసవి సమయం చట్టాన్ని, అధ్యక్షుడు విల్సన్ వీటో చేసినా లెక్కచేయకుండా 1919లో రద్దు చేయించింది వాళ్లే.

అపోహ: కరెంటు ఆదా అవుతుంది.

2007 నుంచి వేసవి సమయాన్ని కొన్ని వారాలు పెంచారు. దానివల్ల మిగిలింది ఏడాది కరెంటు వాడకంలో 0.03 శాతమని ఇంధన శాఖే లెక్క తేల్చింది.

అపోహ: ఏ రాష్ట్రం ఏది కావాలంటే అది ఉంచుకోవచ్చు.

సగమే నిజం. 1966 చట్టం ప్రకారం శాశ్వత ప్రామాణిక సమయానికి రాష్ట్రాలు మారవచ్చు. హవాయి, అరిజోనా (అందులోని నవాహో ఆదివాసీల ప్రాంతం మినహా) అలాగే ఉన్నాయి. శాశ్వత వేసవి సమయానికి మాత్రం కాంగ్రెస్ అనుమతి కావాలి. ఫ్లోరిడా 2018లో చేసుకున్న చట్టం అందుకే అమలు కాలేదు.

అపోహ: నవంబరులో గంట కలిసొస్తుంది కదా!

మార్చికి నా సలహా తేలికే: నాలుగు రోజుల ముందు నుంచి రోజుకు పావుగంట చొప్పున ముందుగా పడుకోండి, లేవగానే కాసేపు ఆరుబయట నడవండి. నవంబరు సంగతి వేరు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు ఒంటిగంటన్నర రెండుసార్లు వస్తుంది, మందు ఇచ్చిన వేళ ఏ ఒంటిగంటన్నరో చార్టులో విడిగా రాయాలి. పసిపిల్లలున్న ఇంట్లోనైతే గంట కలిసొచ్చిందని ఎవరూ అనరు. రోజూ ఆరింటికి లేచే బిడ్డ ఆ ఆదివారం ఐదింటికే లేచి పాలకు ఏడుస్తుంది.